ఓ పది సెకన్లు స్లీప్ పెట్టు

"అన్నా, డేటాబేస్ లేవకముందే స్క్రిప్ట్ పరిగెడుతోంది. మధ్యలో ఓ పది సెకన్లు స్లీప్ పెట్టా. ఇప్పుడు బానే ఉంది."

హైదరాబాద్‌లో సపోర్ట్ ఉద్యోగం చేసినవాళ్ల చెవిన ఈ మాట పడకుండా ఉండదు. నేనూ అన్నవాణ్ణే. పదే ఎందుకు, ఎనిమిదో పన్నెండో ఎందుకు కాదు అని మాత్రం అప్పట్లో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే: ఐదు పెడితే పని చేయలేదు, పది పెడితే చేసింది. కొలిచి పెట్టిన అంకె కాదది, ఊహించి పెట్టింది. ఆ రోజు, ఆ మెషీన్ మీద, అంత లోడుకే ఆ ఊహ చెల్లింది. డేటా రెండింతలయ్యాక పది చాలక ఇరవై, ఆ తర్వాత ముప్పై. మూడేళ్ల తర్వాత ఆ స్క్రిప్ట్ తెరిచినవాడికి కనిపించేది "స్లీప్ 45" అన్న ఒక్క లైను. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎక్కడా రాసి ఉండదు.

నడుస్తున్న స్క్రిప్టును కాసేపు ఆపాలంటే ఒక్క కమాండ్ చాలు. యూనిక్స్, లినక్స్‌లలో స్లీప్. విండోస్‌లో పాజ్ లేదా టైమౌట్. పవర్‌షెల్‌లో స్టార్ట్-స్లీప్. అమీర్‌పేటలో యూనిక్స్ కోర్సు చేసినవాళ్లకు ఇది పావుగంట పాఠం కూడా కాదు. చిక్కు కమాండ్‌లో లేదు, మనం ఆగే కారణంలో ఉంది. ఒక్కోసారి మనిషి కోసం ఆగుతాం, ఒక్కోసారి గడియారం కోసం, ఒక్కోసారి ఇంకో ప్రోగ్రామ్ తన పని ముగించడం కోసం. మన కథల్లో నిద్రలకు కొదవ లేదు. కుంభకర్ణుడి జోలికి వెళ్లను, ఆయన్ని ఇప్పటికే అందరూ వాడేశారు. ఊర్మిళది గడువున్న నిద్ర, పద్నాలుగేళ్లు. భాగవతంలో ముచికుందుడిది గడువు లేని నిద్ర, గుహలోకి ఎవరో వచ్చి తట్టేదాకా లేవడు. మొదటిది స్లీప్, రెండోది పాజ్. ముచికుందుణ్ణి తన్ని లేపినవాడు బూడిదైపోయాడు. అర్ధరాత్రి ప్రొడక్షన్ సర్వర్‌లో ఆగి ఉన్న స్క్రిప్టును చూసి, ఏమిటో తెలియకుండా ఎంటర్ నొక్కినవాళ్లకు ఆ కథ మళ్లీ చెప్పనక్కర్లేదు.

మనిషి కోసం ఆగడంతో మొదలుపెడదాం. పాజ్ అన్న కమాండ్ 1981 నాటి మొదటి డాస్‌లోనే ఉంది. అది పుట్టింది ఫ్లాపీల కాలంలో. ప్రోగ్రామ్ ఒక ఫ్లాపీలో, డేటా ఇంకోదానిలో, డ్రైవ్ చూస్తే ఒక్కటే. బ్యాచ్ ఫైల్ సగం నడిచాక ఆగాలి, మనిషి ఫ్లాపీ మార్చాలి, ఏదో ఒక కీ నొక్కాలి. "ఎనీ కీ" అన్న కీ కీబోర్డు మీద ఎక్కడుందని వెతికినవాళ్ల మీద జోకులు అప్పటినుంచీ ఉన్నాయి. నవ్వడం తేలికే గాని, షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ నొక్కితే పాజ్ కదలదు కాబట్టి "ఏదైనా" అన్నది అక్షరాలా నిజమూ కాదు.

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లలో చాలామందికి ఈ పాఠం వేరే దారిలో వచ్చింది. టర్బో సీలో ప్రోగ్రామ్ రాసి రన్ చేస్తే జవాబు మెరుపులా వచ్చి పోయేది, ఎడిటర్ స్క్రీన్ మళ్లీ ముందుకొచ్చేది. అందుకని ల్యాబ్‌లో చెప్పేవాళ్లు, చివర్న గెట్‌చ్ పెట్టమని. అదెందుకో తెలియకుండానే నాలుగేళ్లు రాశాం. పరీక్ష పేపర్లో, కంప్యూటరే లేనిచోట, కాగితం మీద కూడా గెట్‌చ్ రాసినవాళ్లున్నారు. షెల్‌లో దానికి సమానమైనది రీడ్. బాష్‌లో దానికి ఎన్ ఆప్షన్‌తో ఒకటి అని చెబితే ఒక్క అక్షరం పడగానే కదులుతుంది, టి ఆప్షన్‌తో గడువిస్తే అంతవరకే చూసి ముందుకెళ్తుంది. డాస్‌లో ఇలాంటి గడువు కావాలంటే 1993లో వచ్చిన డాస్ 6 దాకా, అందులోని చాయిస్ కమాండ్ దాకా ఆగాల్సి వచ్చింది.

మనిషి కోసం ఆగే స్క్రిప్టుకు మనిషి ఉండాలి. ఇంత తేలిక విషయం నాకు ఒక రాత్రి ఉద్యోగంలో గాని తలకెక్కలేదు. పేరు చెప్పని ఒక చోట, పగలు చేత్తో నడుపుకునే బ్యాచ్ ఫైల్ ఒకటి ఉండేది. ఎర్రర్ వస్తే కనబడాలని చివర్న పాజ్ పెట్టుకున్నాను. కొన్నాళ్లకు దాన్నే రాత్రి రెండింటికి నడిచేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాం. మొదటి రాత్రి పని ముగిసింది, కాని చివరి పాజ్ దగ్గర, ఎవరికీ కనిపించని విండోలో, ఎవరూ నొక్కని కీ కోసం ఆగిపోయింది. స్టేటస్ చూస్తే రన్నింగ్. పాతది నడుస్తుంటే కొత్తది మొదలుపెట్టకూడదన్నది షెడ్యూలర్ మామూలు నియమం. రెండో రాత్రి మొదలు కాలేదు, మూడో రాత్రీ కాలేదు. రన్నింగ్ అని ఉంది కదా అని మేమంతా నిశ్చింతగా ఉన్నాం. నాలుగోరోజు క్లయింట్ ఫోన్ చేస్తే తెలిసింది. మనిషి చేతి కింద నడిచే స్క్రిప్ట్, తనంతట తాను నడిచే స్క్రిప్ట్ వేరువేరు జాతులని నేను గట్టిగా నమ్మేది అప్పటినుంచి.

ఇక గడియారం. విండోస్‌లో ఐదు సెకన్లు ఆగమని చెప్పడానికి చాలాకాలం సరైన కమాండే లేదు. అందరి కంప్యూటర్లలో ఎక్స్‌పీ ఉన్న రోజుల్లో చాయిస్ లేదు, టైమౌట్ లేదు. రిసోర్స్ కిట్ అని వేరుగా వేసుకుంటే అందులో స్లీప్ ఉండేది. అది లేనివాళ్లకు దిక్కు పింగ్. నెట్‌వర్క్‌లో అవతలి మెషీన్ పలుకుతోందో లేదో చూడటానికి 1983లో మైక్ మూస్ రాసిన ప్రోగ్రామ్ అది. జలాంతర్గాములను వెతికే సోనార్ చప్పుడు మీద ఆ పేరు పెట్టాడు. విండోస్‌లో పింగ్ ఒక్కో పలకరింపుకు మధ్య సెకను ఆగుతుంది కాబట్టి, మన మెషీన్నే మనం ఆరుసార్లు పలకరిస్తే ఐదు సెకన్లు గడుస్తాయి. ఆరెందుకంటే మొదటిది ఆగకుండా వెంటనే వెళ్తుంది. ఈ లెక్క తెలియక ఐదు పెట్టి నాలుగు సెకన్లు ఆగిన స్క్రిప్టులు ఎన్నో. నిద్రపోవడానికి సోనార్ వాడుకోవడం నవ్వొచ్చే పనే, కాని ఆ లైను ఇప్పటికీ పాత బ్యాచ్ ఫైళ్లలో బతికే ఉంది. విస్టా నుంచి టైమౌట్ అందరికీ వచ్చింది. ఎన్ని సెకన్లు మిగిలాయో తెర మీద లెక్కపెడుతుంది, నోబ్రేక్ అంటే కీ నొక్కినా వినదు. దాని లోపమల్లా ఒకటే: ఇన్‌పుట్‌ను దారి మళ్లిస్తే ఎర్రర్ చూపించి అప్పటికప్పుడే తప్పుకుంటుంది. ఆటోమేషన్ సర్వర్ల కింద చాలాసార్లు జరిగేది అదే. అందుకే టైమౌట్ వచ్చాక కూడా పింగ్ పోలేదు.

ఇంకో తిరకాసు పేరులో ఉంది. లినక్స్‌లోనూ టైమౌట్ ఉంది, 2008 చివర్లో కోర్‌యుటిల్స్‌లోకి వచ్చింది. దాని పని పూర్తిగా వేరు. అది ఆగదు, ఇంకో కమాండ్‌ను ఆపుతుంది. గడువు దాటితే ఆ కమాండ్‌ను చంపి 124 అన్న కోడుతో బయటికొస్తుంది. విండోస్ మీద గిట్ బాష్ వేసుకున్నవాళ్లకు ఒకే మెషీన్‌లో రెండు టైమౌట్లు దొరుకుతాయి. పాత్‌లో ఏది ముందుంటే అది పలుకుతుంది.

యూనిక్స్ స్లీప్ వయసు యాభై దాటింది. 1973 నాటి నాలుగో ఎడిషన్ యూనిక్స్‌లోనే కనిపిస్తుంది. పాసిక్స్ ప్రమాణం దాని నుంచి కోరేది చాలా తక్కువ: పూర్ణాంకం ఇస్తే అన్ని సెకన్లు ఆగాలి. అర సెకను, పావు సెకను, నిమిషాలకు ఎం, గంటలకు హెచ్, రోజులకు డి అని రాయడం గ్నూ వాళ్లు కలిపిన సౌకర్యాలు. లినక్స్ అలవాటుతో అవన్నీ రాసేసి, స్క్రిప్టును ఏ పాత సొలారిస్ మీదకో తీసుకెళ్తే తెల్లమొహం వేయాల్సిందే. అలాంటిచోట పావు సెకను ఆగడానికి పెర్ల్‌ను పిలిచి, దేన్నీ గమనించని సెలెక్ట్ కాల్‌తో పని గడుపుకునేవాళ్లు. గ్నూ స్లీప్‌కు ఇన్‌ఫినిటీ అని ఇచ్చినా ఒప్పుకుంటుంది, ఎప్పటికీ లేవదు. కంటైనర్‌లో ఏ పనీ లేకుండా ఊరికే బతికి ఉండాల్సిన ప్రాసెస్ కావలసినప్పుడు దాన్నే వాడతారు.

లోపల జరిగేది చూస్తే ముచ్చటేస్తుంది. స్లీప్ అన్నది ఏమీ చేయకపోవడం కాదు, ఫలానా వేళకు లేపమని కెర్నెల్‌కు అప్పజెప్పి వరుసలోంచి పక్కకు తప్పుకోవడం. ఆ వ్యవధిలో ప్రాసెసర్ మీద దాని భారం ఉండదు. ఇలా అప్పజెప్పే దారి లేని పాత చిన్న కంప్యూటర్లలో ఆగాలంటే బేసిక్‌లో ఖాళీ ఫర్ లూప్ తిప్పేవాళ్లు, ఒకటి నుంచి ఐదు వేల దాకా. మెషీన్ వేగం పెరిగితే ఆగే సమయం తగ్గిపోయేది. టర్బో పాస్కల్ వాళ్లు తెలివిగా, ప్రోగ్రామ్ మొదలవగానే మెషీన్ వేగం కొలిచి దాన్నిబట్టి లూప్ తిప్పేలా డిలే రాశారు. 1990ల చివర్లో ప్రాసెసర్లు 200 మెగాహెర్ట్జ్ దాటేసరికి ఆ కొలత రిజిస్టర్‌లో పట్టక, ప్రోగ్రామ్ మొదటి లైనుకు చేరకముందే రన్‌టైమ్ ఎర్రర్ 200తో చచ్చేది. మెషీన్ నెమ్మదిగా ఉన్నన్నాళ్లూ నడిచి, వేగం పెరిగాక ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ అది.

యూనిక్స్‌లో అప్పజెప్పే దారి ఉన్నా అదీ మొదట్లో గతుకులదే. అలారం పెట్టుకుని, ఆ తర్వాత పాజ్ అనే సిస్టమ్ కాల్‌తో పడుకోవడం పాత పద్ధతి. మెషీన్ మీద పని ఒత్తిడి ఎక్కువై, అలారం పెట్టడానికీ పడుకోవడానికీ మధ్యే అలారం మోగిపోతే? పడుకున్నవాణ్ణి లేపడానికి ఇంకేమీ మిగలదు. రిచర్డ్ స్టీవెన్స్ 1992లో తెచ్చిన యూనిక్స్ ప్రోగ్రామింగ్ పుస్తకంలో ఈ సందును విడమరిచి చూపించాడు. నానోస్లీప్ వచ్చాక ఆ సందు మూసుకుంది.

మూసుకోనిది ఇంకొకటి ఉంది, రోజూ తగిలేది. బాష్ స్క్రిప్ట్ స్లీప్‌ను పిలిస్తే అది వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది, బాష్ దాని కోసం చూస్తూ కూర్చుంటుంది. ఆ సమయంలో బాష్‌కు ఆగిపొమ్మని టెర్మ్ సిగ్నల్ వచ్చిందనుకోండి. మీరు ట్రాప్‌లో శుభ్రం చేసే పనులు పొందిగ్గా రాసుకున్నా, స్లీప్ ముగిసేదాకా బాష్ వాటిని మొదలుపెట్టదు. కంట్రోల్ సి కొడితే మాత్రం వెంటనే ఆగుతుంది, ఎందుకంటే ఆ సిగ్నల్ గుంపు మొత్తానికి వెళ్తుంది, స్లీప్ కూడా చస్తుంది. చేత్తో పరీక్షించినప్పుడు బాగున్నది కంటైనర్‌లో మొండికేయడానికి కారణం ఇదే. డాకర్ స్టాప్ కొడితే పది సెకన్లు చూసి, ఇక లాభం లేదని మెడ పట్టి చంపేస్తుంది. విరుగుడు చిన్నది: స్లీప్‌ను బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలి, వెయిట్ అనే బిల్టిన్‌తో దాని కోసం ఆగాలి. వెయిట్‌లో ఉన్న బాష్‌కు సిగ్నల్ వెంటనే వినబడుతుంది. పొడుగాటి స్లీప్ ఉన్న ప్రతి స్క్రిప్టులోనూ ఈ రెండు లైన్లు ఉండాలంటాను.

గడియారాన్ని నమ్ముకున్నప్పుడు ఏ గడియారమన్నదీ చూసుకోవాలి. లినక్స్‌లో స్లీప్ లెక్కపెట్టేది వెనక్కి తిరగని మోనోటోనిక్ గడియారాన్ని. ఎవరైనా టైమ్ మార్చినా దానికి పట్టదు, అది మంచిదే. కాని లాప్‌టాప్ మూత మూసి సస్పెండ్ చేస్తే ఆ గడియారమూ ఆగుతుంది. గంట స్లీప్ పెట్టి, పావుగంటకే మూత మూసి ఇంటికెళ్లి, పొద్దున్నే తెరిస్తే ఇంకా ముప్పావుగంట మిగిలే ఉంటుంది. ఫలానా టైముకే జరగాలంటే స్లీప్ కాదు, క్రాన్‌నో ఎట్ కమాండ్‌నో అడగాలి. నిమిషానికోసారి నడవాలని లూప్‌లో స్లీప్ 60 పెట్టినా అంతే. పనికి పట్టే రెండు సెకన్లు ప్రతి చుట్టుకూ తోడై, సాయంత్రానికి పావుగంటకు పైగా వెనకబడుతుంది.

ఈ గడియారాల కథలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 2012 జూలై 1, ఆదివారం తెల్లవారుజాము. భూభ్రమణంతో సరిపెట్టడానికి ప్రపంచ కాలానికి ఆ రాత్రి ఒక సెకను కలిపారు. మన లెక్కలో అది ఉదయం ఐదున్నర. లినక్స్ కెర్నెల్ గడియారం సర్దుకుంది గాని, నిద్రపోయేవాళ్లను లేపే టైమర్లకు ఆ కబురు అందలేదు. అవి ఒక సెకను ముందుండిపోయాయి. దాంతో మోనోటోనిక్‌ను కాక ఈ మామూలు గడియారాన్ని నమ్ముకుని సెకను కన్నా తక్కువసేపు పడుకోబోయినవాళ్లంతా కళ్లు మూయకముందే లేచారు. మళ్లీ పడుకోబోవడం, మళ్లీ లేవడం. ప్రాసెసర్లు నూరు శాతం వేడెక్కాయి. రెడిట్ పడిపోయింది, ఆస్ట్రేలియాలో క్వాంటాస్ చెక్-ఇన్ తడబడింది. మందు ఏమిటంటే, డేట్ కమాండ్‌తో ఇప్పుడున్న టైమునే మళ్లీ సెట్ చేయడం. దాంతో టైమర్లకు కబురు అందింది, అందరూ పడుకున్నారు.

స్క్రిప్ట్ నిద్రలో ఉండగా దాని ఫైలును ఎడిట్ చేయడం ఇంకో ప్రమాదం. బాష్ స్క్రిప్టును మొత్తం ఒకేసారి చదువుకోదు, నడిచేకొద్దీ చదువుతుంది, ఎన్నో బైట్ దగ్గరున్నదీ గుర్తుపెట్టుకుంటుంది. అది స్లీప్‌లో ఉన్నప్పుడు మీరు పైన రెండు లైన్లు చేర్చి అదే ఫైల్లోకి సేవ్ చేస్తే, లేచాక ఏదో లైను నడుములోంచి చదవడం మొదలుపెడుతుంది. విండోస్ బ్యాచ్ ఫైళ్లదీ ఇదే తీరు. బాష్‌లోనైతే మొత్తాన్ని ఒక ఫంక్షన్‌లో పెట్టి చివర్న పిలిస్తే ఆ బెడద ఉండదు.

బయటినుంచి ఆపడం గురించి ఎక్కువ చెప్పను. కంట్రోల్ జెడ్ కొడితే ప్రోగ్రామ్ ఆగుతుంది, ఎఫ్‌జీ అంటే కదులుతుంది. ఎక్కడో నడుస్తున్నదాన్ని కిల్ కమాండ్‌తో స్టాప్ సిగ్నల్ పంపి గడ్డకట్టించి, కంట్ సిగ్నల్‌తో కరిగించవచ్చు. ఆగింది మన ప్రోగ్రామే గాని అవతలి డేటాబేస్ కాదన్నది మరిచిపోకూడదు. కరిగి లేచేసరికి కనెక్షన్ తెగిపోయి ఉండొచ్చు. కంట్రోల్ ఎస్ సంగతి వేరు. అది టెలిటైప్ యంత్రాల నుంచి వచ్చిన ఆస్తి, అవతలివాణ్ణి పంపడం ఆపమనే సంకేతం. నోట్‌ప్యాడ్ అలవాటుతో విమ్‌లో సేవ్ చేద్దామని కంట్రోల్ ఎస్ కొట్టి, "హ్యాంగ్ అయిందన్నా" అని టెర్మినల్ మూసేసిన కుర్రాళ్లను చాలామందిని చూశాను. కంట్రోల్ క్యూ కొడితే చాలు.

ఇక అసలు తగువు, మొదట్లో చెప్పిన డేటాబేస్. మనకు కావలసింది పది సెకన్లు కాదు, డేటాబేస్ లేవడం. అలాంటప్పుడు గడియారాన్ని అడగడమెందుకు, డేటాబేస్‌నే అడగొచ్చు. పోస్ట్‌గ్రెస్‌కు 2013లో పీజీ-ఈజ్‌రెడీ అన్న కమాండ్ వచ్చింది. లేచావా అని అడుగుతుంది, జవాబు ఎగ్జిట్ కోడులో వస్తుంది. ఫైల్ వచ్చిందా అంటే ఐనోటిఫైవెయిట్ చెబుతుంది. మన షెల్ పుట్టించిన ప్రాసెస్ ముగిసిందా అంటే వెయిట్ ఉంది. ఇతరులది అయితే గ్నూ టెయిల్‌కు పిఐడి ఇచ్చి దాని చావు కోసం కాపలా కాయొచ్చు. పవర్‌షెల్‌లో వెయిట్-ప్రాసెస్, కుబెర్నెటీస్‌లో కుబ్‌కంట్రోల్ వెయిట్. అడిగే దారే లేనప్పుడు లూప్‌లో పెట్టి సెకనుకోసారి చూడాలి, దానికి ఒక తుది గడువూ పెట్టాలి. గడువు లేని లూప్ మారువేషంలో ఉన్న పాజ్. టెయిల్ కమాండ్ కూడా ఎఫ్ ఆప్షన్‌తో ఫైలును చూస్తున్నప్పుడు ఏళ్లతరబడి సెకనుకోసారి తొంగిచూసేది. 2009 తర్వాతే లినక్స్‌లో కెర్నెల్ కబురు పంపేదాకా ఊరుకోవడం నేర్చుకుంది.

అలాగని స్లీప్‌ను పూర్తిగా వెలివేయమనే వాళ్లతో నేను కలవను. కాలమే కావలసిన చోట్లున్నాయి. తప్పు పాస్‌వర్డ్ కొడితే లినక్స్ రెండు మూడు సెకన్లు కావాలనే ఆగుతుంది. ఊహించుకుంటూ కొట్టేవాడి వేగం తగ్గించడానికి అది. అమెరికా ప్రభుత్వ జీవశాస్త్ర సమాచార కేంద్రం సర్వర్లను కీ లేకుండా సెకనుకు మూడుసార్లకు మించి అడగొద్దంటుంది. అక్కడ స్లీప్ అంటే మర్యాద. పడిపోయిన సర్వర్‌ను మళ్లీ తట్టేటప్పుడు ఒక సెకను, రెండు, నాలుగు అని ఎడం పెంచుతూ పోవడం ఈథర్‌నెట్ నుంచి వచ్చిన తెలివి. 1976లో మెట్‌కాఫ్, బాగ్స్ ప్రకటించిన పత్రంలో ఉంది. ఒకే తీగ మీద ఇద్దరి మాటలు గుద్దుకుంటే, ఇద్దరూ పాచికలేసినట్టు వేరువేరు సమయాలు ఆగి మళ్లీ మాట్లాడాలి. ఆ పాచికే కీలకం. అందరూ సరిగ్గా పది సెకన్లే ఆగితే పదో సెకనులో మళ్లీ గుద్దుకుంటారు. ఉదయం పదింటికి తత్కాల్ తెరిచినప్పుడు ఏం జరుగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. వెయ్యి సర్వర్లలో ఒకే క్రాన్ అర్ధరాత్రి సున్నా నిమిషానికి లేచినా అదే జరుగుతుంది. బాష్‌లో రాండమ్ అన్న వేరియబుల్ 0 నుంచి 32767 దాకా ఏదో ఒక అంకె ఇస్తుంది. దాన్ని కావలసినంతకు కుదించి స్లీప్‌కు ఇస్తే గుంపు చెదురుతుంది. ఇదే పని సిస్టమ్‌డీ టైమర్లలో ఒక్క సెట్టింగుతో అవుతుంది.

మొదట్లో చెప్పిన స్క్రిప్ట్ ఇప్పటికీ నడుస్తోంది. డేటాబేస్ కోసం పెట్టిన స్లీప్ తీసేసి పీజీ-ఈజ్‌రెడీ లూప్ పెట్టాం, రెండు నిమిషాల గడువుతో. ఫైల్ కాపీ కోసం పెట్టింది తీసేసి వెయిట్ పెట్టాం. ఎక్కడో కింద ఇంకో స్లీప్ ఉంది, 45 సెకన్లది. దేనికోసమో ఎంత వెతికినా తెలియలేదు. తీసి చూశాం. మూడు రోజులు బాగా నడిచింది, నాలుగో రాత్రి పడిపోయింది. మళ్లీ పెట్టేశాం. ఈసారి పైన ఒక కామెంట్ రాశాను: దీన్ని తీస్తే నాలుగో రోజు పడిపోతుంది, ఎందుకో తెలిసినవాళ్లు ఈ లైను కింద రాయండి.

ఇంతవరకు ఎవరూ రాయలేదు.